100/90 బల్బు కొనే ముందు మల్టీమీటర్ పట్టండి

బైక్ హెడ్‌లైట్ మసగ్గా ఉందనగానే షాపులో చేతికిచ్చేది 100/90 బల్బు, అంటే హై బీమ్‌కి 100, లో బీమ్‌కి 90 వాట్లది. చాలా బళ్లలో ఉన్న బల్బుకే వోల్టేజీ పూర్తిగా అందడం లేదు. కీ స్విచ్చు, డిప్పర్ స్విచ్చు, కనెక్టర్లు, సన్నటి వైర్లు తలా కాస్త తినేస్తాయి. హాలోజన్‌కి వోల్టేజీ 10 శాతం తగ్గితే వెలుగు దాదాపు 30 శాతం పోతుంది.

హెచ్4 (మూడు పిన్నుల హాలోజన్) 60/55 వాట్ల బల్బున్న రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 లాంటి బండిని తీసుకుందాం. ఇంజన్ ఆన్‌లో ఉంచి, లో బీమ్ వేసి, మీటర్‌ని 20 వోల్టుల డీసీలో పెట్టండి. ఎర్ర ప్రోబ్ బ్యాటరీ ప్లస్‌కి, నల్లది హోల్డర్ వెనకనుంచి లో బీమ్ పిన్నుకి. హోల్డర్ బల్బుకే ఉండాలి, పీకేసి కొలిస్తే ఏమీ తెలీదు. మీటర్ చూపేది దారిలో పోతున్న వోల్టేజీ. అర వోల్టు లోపు వస్తే వైరింగ్ జోలికి వెళ్లక్కర్లేదు. ఒకటి దాటితే రిలే (పాత స్విచ్చు ఇచ్చే కొద్దిపాటి కరెంటుతో పనిచేసి, బ్యాటరీ నుంచి నేరుగా బల్బుకి కరెంటు పంపే స్విచ్చు) వేయాల్సిందే. తర్వాత బల్బు ఎర్త్ పిన్నుకీ బ్యాటరీ మైనస్‌కీ మధ్య చూడండి. ఇది చాలామంది వదిలేస్తారు. అక్కడ 0.2 దాటితే ఎర్త్ బోల్టు విప్పి, కింద పెయింటూ తుప్పూ ఉప్పుకాగితంతో మెరిసేదాకా గీకి బిగించండి. కొన్ని బళ్లకు ఇంతటితోనే సరిపోతుంది.

రేజ్ చేస్తే వెలుగు పెరిగి, వదిలితే తగ్గే పాత బళ్లలో హెడ్‌లైట్ ఏసీ మీద నడుస్తుంటుంది. వాటికి మామూలు రిలే వేస్తే గరగరమంటుంది, పని చేయదు.

లో, హై బీమ్‌లకు చెరొకటి చొప్పున 12 వోల్టుల, 30 ఆంప్స్ రిలేలు రెండు కావాలి. రిలే మీద 30 అని రాసున్న పిన్నుకి బ్యాటరీ ప్లస్ నుంచి 2.5 చదరపు మి.మీ. వైరు, బ్యాటరీకి జానెడు లోపే 15 ఆంప్స్ ఫ్యూజు. 87 నుంచి బల్బుకి 1.5 వైరు చాలు. 86కి పాత బీమ్ వైరు, 85 ఎర్త్‌కి. బల్బు ఎర్త్‌ని మాత్రం ఫ్రేముకి కాకుండా నేరుగా బ్యాటరీ మైనస్‌కి లాగండి. పాత హోల్డర్ కోయొద్దు. మాడిపోయిన హెచ్4 బల్బు గాజు జాగ్రత్తగా తీసేసి, దాని పిన్నులకు రిలే వైర్లు టంకం పెడితే అదే ప్లగ్గవుతుంది, ఎప్పుడంటే అప్పుడు కంపెనీ వైరింగ్‌కి వెనక్కి వెళ్లొచ్చు. రిలే పిన్నులు కిందికి ఉండేలా బిగిస్తే నీరు నిలవదు. కొత్త హోల్డర్ సిరామిక్‌ది తీసుకోండి. 2017 ఏప్రిల్ తర్వాతి కొత్త బళ్లకు లైటు ఆర్పే స్విచ్చే లేదు కాబట్టి హోల్డర్‌కి పగలూ వేడే.

ఇంజన్ కాస్త రేజ్‌లో ఉన్నప్పుడు బ్యాటరీ దగ్గర 13.8 నుంచి 14.5 వోల్టులు రావాలి. 15 దాటితే ఆ వోల్టేజీని అదుపులో ఉంచే రెగ్యులేటర్ పోయినట్టే, ఎన్ని బల్బులు వేసినా మాడుతూనే ఉంటాయి.

ఇంతా చేశాక 100/90 అవసరమే ఉండదు. అది 8 ఆంప్స్ పైనే లాగుతుంది, ప్లాస్టిక్ హోల్డర్ కరుగుతుంది, రిఫ్లెక్టర్ పూత మాడుతుంది. చౌక ఎల్‌ఈడీల్లో చిప్పులు ఫిలమెంటు ఉండాల్సిన చోట ఉండవు, వెలుగంతా ఎదుటివాడి కళ్లలోకి పోతుంది.

చివరగా బీమ్. గోడకు 5 మీటర్ల దూరంలో బండిని నిలబెట్టి, పైన మనిషి కూర్చున్నాక, లో బీమ్ పై అంచు బల్బు ఎత్తుకంటే 5 సెంటీమీటర్లు కింద పడేలా స్క్రూ తిప్పండి.