పుర్రచేతి వాటం డెంటల్ స్టూడెంట్లకు ఒక్క చైర్ అయినా కేటాయించండి

బీడీఎస్ మొదటి ఏడాది మైనంతో పళ్లు చెక్కేటప్పుడు కత్తి ఏ చేత్తో పట్టుకున్నా ఎవరూ పట్టించుకోరు. తిప్పలన్నీ రెండో ఏడాది ఫాంటమ్ హెడ్ (ప్రాక్టీసు కోసం పెట్టే బొమ్మ తల) దగ్గర మొదలవుతాయి. ట్రే కుడివైపు, ఎయిరోటర్ (పన్ను తొలిచే డ్రిల్) పైపూ కుడివైపే, ఎడమ చేత్తో పట్టుకోవాలంటే దాన్ని ఒంటికి అడ్డంగా లాక్కోవాలి, పైగా పక్కవాళ్ల మోచేయి మన మోచేతికి తగులుతూనే ఉంటుంది.

థర్డ్ ఇయర్‌ క్లినిక్స్‌లో ఇంకా కష్టం. పేషెంట్ తలను గడియారం అనుకుంటే, నడినెత్తి దగ్గర 12, కుడిచేతి వాటం వాళ్లు 7 నుంచి 12 మధ్య కూర్చుంటారు. ఎడమచేతి వాటం ఉన్న మనం 12 నుంచి 5 మధ్య, అంటే పేషెంట్‌కి ఎడమవైపు కూర్చోవాలి. మామూలు చైర్‌కి స్పిటూన్ (పేషెంట్ ఉమ్మే గిన్నె) ఉండేది ఆ వైపే! దాంతో చాలామంది పిల్లలు కుడివైపే కూర్చుని నడుము మెలితిప్పి పనిచేస్తారు. పన్ను పీకడానికీ అంతే. కింది దవడ కుడివైపు పళ్లకు కుడిచేతి వాళ్లు పేషెంట్ వెనక్కి వెళ్లి నిలబడతారు, మనం వెనక్కి వెళ్లాల్సింది కింది ఎడమవైపు పళ్లకు. నేను చదివిన కాలేజీలో ఈ మాట క్లాసులో ఎవరూ చెప్పలేదు. ఎడమచేతి వాటమే ఉన్న ఒక సీనియర్ అక్క పక్కన నిలబడి చూపించింది.

'కుడి చేత్తో అలవాటు చేసుకో' అనే సలహా నాకు అస్సలు నచ్చదు. మిర్రర్, ప్రోబ్, ఎయిరోటర్ ఏ చేతికైనా ఒకటే, పళ్ల గార తీసే గ్రేసీ క్యూరెట్‌కి కూడా రెండు కొసలూ అద్దంలో బొమ్మల్లా ఎదురెదురుగా ఉంటాయి. ఇబ్బందంతా చైర్‌తో, నేర్పే తీరుతో. ట్రే రెండు వైపులకూ తిరిగే చైర్లు ఉన్నాయి, డిపార్ట్‌మెంట్‌కి ఒకటి చాలు. ప్రతి డెమో ఒక్కసారి ఎడమవైపు నుంచి కూడా చూపిస్తే ఎంత టెన్షన్ తగ్గుతుందో! ప్రపంచంలో సుమారు 10 శాతం మందిది ఎడమచేతి వాటమే, వీళ్లేమీ ఎక్కడో ఒక్కరు కాదు.

ఇక పేషెంట్లు. మైదుకూరు వైపు నుంచి వచ్చే పెద్దవాళ్లు నన్ను ఇప్పటికీ 'ఏమ్మా, ఎడం చేత్తో పీకుతావా?' అని అడుగుతారు. పని నొప్పి లేకుండా అయిపోతే రెండోసారి అడగరు. కానీ పక్కనే ఎగ్జామినర్ నిలబడి ఉన్నప్పుడు అదే మాట వింటే స్టూడెంట్‌కి చెయ్యి వణుకుతుంది, అందుకే స్టాఫే ముందుగా పేషెంట్‌కి చెప్పాలి.

కడపలో చదువుతున్న ఎడమచేతి పిల్లలెవరైనా సాయంత్రం మా క్లినిక్‌కి రండి. నా చైర్ మన వాటానికి అమర్చిందే, కూర్చుని చూసి, అలాంటిదే కావాలని మీ హెచ్‌ఓడీని (డిపార్ట్‌మెంట్ హెడ్‌ని) అడగండి.