అనపగింజలతో కోడిగుడ్డు పొరటు: నా అనుభవం

గత రెండు మూడు నెలల్లో రక్తంలోని చక్కెర సగటును చూపే హెచ్‌బీఏ1సీ పరీక్షలో నాకు 6.1 శాతం వచ్చింది. 5.7 నుంచి 6.4 వరకు మధుమేహానికి ముందు దశగా లెక్క కనుక డాక్టరుగారు మందులేమీ రాయకుండా, అన్నం తగ్గించి కూర పెంచమని చెప్పి పంపించారు. వినడానికి తేలికైన ఈ మాట తిరుపతిలోని మా వంటింట్లో అంత తేలికగా నడవలేదు. మన కూరలన్నీ అన్నంలో కలుపుకోవడానికి చేసుకునేవే తప్ప విడిగా గిన్నెడు తినడానికి చేసుకునేవి కావు. అన్నం తగ్గగానే వాటి ఉప్పూ కారమూ నోటికి మించిపోతాయి.

విడిగా తినగలిగే కూర కోసమే కోడిగుడ్డు పొరటును ఎంచుకున్నాను. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి, పిండిపదార్థం 1 గ్రాము కూడా ఉండదు. చక్కెరను పెంచేది అందులో వేసే ఉర్లగడ్డ, పక్కన పెట్టుకునే అన్నమే. ఒక ఆహారం రక్తంలో చక్కెరను ఎంతగా పెంచుతుందో గ్లూకోజును 100గా పెట్టుకుని కొలిచే గ్లైసీమిక్ ఇండెక్స్‌లో 55, అంతకు లోపు ఉన్నవాటిని తక్కువగా పరిగణిస్తారు. పప్పుగింజలు చాలావరకు ఆ లోపలే ఉంటాయి. అందుకని ఉర్లగడ్డ తీసేసి, మా చిత్తూరు వైపు చలికాలంలో విరివిగా దొరికే, చిక్కుడు జాతికి చెందిన పచ్చి అనపగింజలను వేశాను.

“అనపగింజలంటే పితికిపప్పు చేయాల గానీ, తోలుతో ఎవరు తింటారమ్మా?” అని మా అత్తగారు అభ్యంతరం చెప్పారు. నానబెట్టి, ఒక్కొక్క గింజనూ పితికి తోలు తీసిన ఆ పప్పు రుచిని నేనూ కాదనలేను. కానీ పీచు ఎక్కువగా ఉండేది ఆ తోలులోనే. చివరికి లేత గింజలు నాకు, ముదురువి ఆవిడ పులుసుకు అని పంచుకున్నాము.

ఇద్దరికి ఒక కప్పు గింజలు, నాలుగు గుడ్లు సరిపోతాయి. గింజలను ముందుగానే మెత్తగా, చిదిమిపోకుండా ఉడికించి నీరు వార్చుకోవాలి. రెండు చెంచాల శెనగనూనెలో జీలకర్ర, దంచిన తెల్లగడ్డ, పచ్చిమిర్చి, ఎర్రగడ్డ వేయించి, సన్నగా తరిగిన బీన్స్, ఒక టమాటా వేసి మగ్గనివ్వాలి. తరువాత గింజలు, రెండు గుప్పెళ్ళ మునగాకు వేసి మూత తీసి ఉంచాలి. కూరగాయలు వదిలిన నీరంతా ఇగిరిపోయేదాకా ఆగడమే ఈ వంటలో అసలైన పని, ఎందుకంటే తడి మిగిలిన బాణలిలో గుడ్డు ముక్క కట్టదు, జావలా పలచబడుతుంది. నీరు ఇగిరాక సెగ తగ్గించి, మిరియాల పొడితో గిలకొట్టిన గుడ్లు పోసి, అడుగు గట్టిపడేదాకా కదపకుండా ఉంచి, ఆ తరువాత పెద్ద ముక్కలుగా తిప్పాలి. ఉప్పు మామూలు కూరకు వేసేదానిలో సగం చాలు.

దీని పక్కన నేను పెట్టుకునేది చిన్న రాగి సంగటి ముద్ద. రాగులు కాబట్టి ఎంత తిన్నా ఫరవాలేదనే నమ్మకం మా వైపు బలంగా ఉంది, దానితో నేను ఏకీభవించను. సంగటిలో బియ్యమూ ఉడుకుతుంది, పిండి ఎంత మెత్తగా ఆడిస్తే అంత త్వరగా అరుగుతుంది. ముందు సగం కూర తిని ఆ తరువాతే ముద్దను ముట్టుకుంటాను. భోజనం మొదలుపెట్టిన రెండు గంటలకు గ్లూకోమీటరుతో చూసుకుంటే, అన్నంతో తిన్న రోజుల కంటే అంకె స్పష్టంగా తక్కువగా ఉంటోంది.

ఎండాకాలంలో పచ్చిగింజలు దొరకవు కనుక రాత్రి నానబెట్టిన అలసందలు వాడుతున్నాను. శనివారం మా ఇంట్లో గుడ్డు ముట్టరు. ఆ రోజు అదే కూరలో మొలకెత్తిన పెసలు వేసి, పైన వేయించి దంచిన చెనక్కాయ గింజలు చల్లుతాను.