గౌరి ముక్కు కారిన రోజు

రాత్రి పదకొండు దాటింది. వాన వెలిసింది గానీ ఉక్క తగ్గలేదు. నిద్ర పట్టేలా లేదు, రాస్తున్నాను.

పొద్దున ఆరున్నరకే ముడసర్లోవ నుంచి ఫోన్. "డాట్రుబాబూ, గౌరి మేత ముట్టట్లేదు. ముక్కు ఒకటే కారుతోంది. గొంతువాపేమో అని భయంగా ఉంది." గౌరిని పెంచుకునే ఆవిడ, నేను పిన్నీ అంటాను. వానలు మొదలయ్యాక గొంతువాపు మాట వింటే ఎవరికైనా గుండె జారుతుంది. వెంటనే బండి తీశాను. ఎల్లుండే సింహాచలం గిరి ప్రదక్షిణ. హనుమంతవాక దగ్గర్నుంచే రోడ్డు పక్కన బారికేడ్లు దించుతున్నారు, షామియానాలు కడుతున్నారు.

గౌరి జెర్సీ సంకర ఆవు. ఈని పద్దెనిమిది రోజులైంది. జ్వరం 104 ఉంది. గొంతు కింద వాపు లేదు. నోట్లో, గిట్టల్లో పుళ్ళు లేవు కాబట్టి గాలికుంటు కూడా కాదు. కళ్ళ నీళ్ళు చెంపల మీద చారలు కట్టాయి. టార్చి వేసి చూస్తే ముక్కు లోపలి పొర ఎర్రగా కందిపోయి ఉంది, అక్కడక్కడా తెల్లటి పొక్కులు. ఐబీఆర్ అనిపించింది. పశువుల్లో హెర్పిస్ వైరస్ తెచ్చే జబ్బు అది. ముక్కులోంచి స్వాబ్, మెడ దగ్గర రక్తం తీసి ఐస్ డబ్బాలో పెట్టాను.

పిన్ని మొదట అడిగింది ఒకటే. "ఎవరు అంటించారు బాబూ? దీన్ని సంతలో కొని మూడేళ్ళయింది. ఆ తర్వాత కొత్త గొడ్డు మా సాలలో అడుగు పెట్టలేదు."

పక్కింటి గేదెల మీద అనుమానం ఆమె ముఖంలో కనిపిస్తోంది. అరుగు మీద కూర్చున్న వాళ్ళ అత్తగారిని చూపించాను. "పోయినేడు మామ్మగారికి నడుం చుట్టూ అక్కి లేచింది కదా, అది ఎవరు అంటించారు?" పెద్దావిడే జవాబు చెప్పింది. "ఎవరూ అంటించలేదు నాయనా. చిన్నప్పుడు నాకు ఆటలమ్మ పోసింది. అదే ఒంట్లో ఉండిపోయి మళ్ళీ లేచిందన్నారు." గౌరిదీ అదే కథ అన్నాను. ఆ వైరస్, ఈ వైరస్ ఒక్కటి కావు, ఇది మనుషులకు రాదు. కానీ రెండూ ఒకే వంశానివి, దాక్కునే తీరూ ఒకటే.

ఇది ఎన్నిసార్లు చదివినా నాకు ఆశ్చర్యమే. దూడ వయసులోనో, సంతలోనో వైరస్ ముక్కులోకి వస్తుంది. నాలుగు రోజులు జలుబులా ఉండి తగ్గిపోతుంది. ఒంట్లో యాంటీబాడీలు తయారవుతాయి, మనం అయిపోయిందనుకుంటాం. ఈలోగా అది ముక్కు పొరలోని నరాల కొసలను పట్టుకుని పైకి పాకి, పుర్రె అడుగున ట్రైజెమినల్ గాంగ్లియాన్ అనే నాడీకణాల ముడిలోకి చేరిపోతుంది. జననాంగాల ద్వారా సోకితే నడుం కింది గాంగ్లియాలకు చేరుతుంది. అక్కడ దాని డీఎన్‌ఏ మాత్రం ఉంటుంది, కొత్త వైరస్‌లు తయారు కావు. దాదాపు జన్యువులన్నీ మౌనం పాటిస్తాయి. ఒక్క చోటి ఆర్‌ఎన్‌ఏ మాత్రం తయారవుతూ, తాను తలదాచుకున్న నాడీకణం చావకుండా కాపాడుకుంటుంది. రక్తంలో ఎన్ని యాంటీబాడీలున్నా ఆ కణం లోపలికి చేరలేవు. పశువు బతికినంత కాలం అది అక్కడే.

దాన్ని లేపేది ఒత్తిడి. లారీ ప్రయాణం, ఈనడం, ఎండదెబ్బ, వేరే జబ్బు. అప్పుడు ఒంట్లో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్ పెరుగుతుంది. అది నాడీకణంలోని ఒక రిసెప్టర్‌కు అతుక్కుని, కేంద్రకంలోకి పోయి, వైరస్ డీఎన్‌ఏలో మొదటి స్విచ్ ఉన్నచోటే కూర్చుంటుంది. అదే సమయంలో రోగనిరోధక శక్తినీ తగ్గిస్తుంది. వైరస్ వచ్చిన నరం మీదుగానే కిందికి దిగి ముక్కులోకి వస్తుంది. చాలా పశువుల్లో పైకి ఏ లక్షణమూ కనిపించదు, కొన్నాళ్ళు వైరస్‌ను విడుదల చేసి మళ్ళీ ఊరుకుంటాయి. పిన్నికి ఇదంతా చెప్పలేదు. "నరంలో పడుకున్నది లేచింది" అన్నాను, అర్థమైంది.

తర్వాతి మాట చెప్పడానికే నాకు నోరు రాలేదు.

తొమ్మిది రోజుల క్రితం గౌరికి కీటోసిస్ వచ్చింది, ఈనాక ఒంట్లో చక్కెర పడిపోయే జబ్బు. గ్లూకోజ్ ఎక్కించి, కార్టిసాల్‌లాగే పనిచేసే డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ సూది ఇచ్చింది నేనే. కీటోసిస్‌కు అందరం ఇచ్చే మందే, మర్నాటికి గౌరి మేత తింది కూడా. కానీ పరిశోధనల్లో నిద్రపోతున్న ఈ వైరస్‌ను కావాలని లేపడానికి వాడేది కూడా ఆ డెక్సామెథసోనే. ఈనిన ఒత్తిడి లేపిందో, నా సూది లేపిందో, రెండూ కలిసి లేపాయో. సూది వేసినందుకు నేను బాధపడటం లేదు. సూది వేసి, పక్క గుంజకే ఆరు నెలల చూడితో ఉన్న లక్ష్మిని చూసి కూడా, "ఈ రెంటినీ కొన్నాళ్ళు విడిగా కట్టండి పిన్నీ" అనకుండా వచ్చేశాను. అదీ నన్ను కుదిపేస్తున్నది. చూడి పశువుకు ఇది సోకితే జ్వరం తగ్గాక, కొన్ని వారాలకు ఈసుకుపోవచ్చు, అంటే కడుపు పోవచ్చు. అప్పటికి ఈ జలుబు ఎవరికీ గుర్తుండదు.

ఆమెకు ఉన్నదున్నట్టు చెప్పేశాను. కాసేపు ఏమీ అనలేదు. "ఆ రోజు సూది వేయకపోతే గౌరి కోలుకునేదేనా బాబూ?" అంది. కోలుకోకపోయేదేమో అన్నాను. "మరి ఇంకేటి" అని లక్ష్మి తాడు విప్పింది.

ఎల్లుండి మైకుల హోరు, జనం తాకిడి అని రెండు ఆవులనూ సబ్బవరంలో చెల్లెలి ఇంటికి పంపేద్దామని ఆటో మాట్లాడుకుందట. వద్దని బతిమాలాను. జ్వరంతో ఉన్న ఆవుకు ప్రయాణం మరో ఒత్తిడి, పైగా అక్కడి మంద కూడా అంటించుకుంటుంది. గౌరిని పెరట్లో రేకుల కిందికి మార్చాం. కుడితి తొట్టి, బకెట్ వేరు. ముందు లక్ష్మి పని చూసుకుని, ఆ తర్వాతే గౌరి దగ్గరికి వెళ్ళమన్నాను. ఈ వైరస్‌ను చంపే మందు మా దగ్గర లేదు. బ్యాక్టీరియా తోడు కాకుండా యాంటీబయాటిక్, జ్వరానికి మెలాక్సికామ్ ఇచ్చాను. ఆ మందు పోయేదాకా గౌరి పాలు అమ్మొద్దన్నాను. ముఖం చిన్నబోయింది, ఆ పాల డబ్బుతోనే ఇల్లు నడుస్తుంది మరి.

డెన్మార్క్, స్వీడన్, ఫిన్లాండ్, ఆస్ట్రియా లాంటి దేశాలు రక్తపరీక్షలో తేలిన పశువులను మందల నుంచి తీసేస్తూ ఈ జబ్బును వదిలించుకున్నాయి. ఒకసారి సోకితే జీవితాంతం మోస్తుంది కాబట్టి వాళ్ళకు అదే దారి. రెండు ఆవుల సాలలో ఒకదాన్ని తీసెయ్యమని నేను ఏ నోటితో చెప్పను? విడిగా కట్టడం, కనిపెట్టుకుని ఉండడం, స్టెరాయిడ్ ఇచ్చే ముందు పక్కన చూడి పశువుందా అని చూడడం, ఇవే నా చేతిలో ఉన్నవి. కేసు పుస్తకంలో డెక్సా రాసిన ప్రతి పేజీ సాయంత్రం తిరగేశాను. ఈ రెండు నెలల్లో పదకొండు. ఏ ఇంట్లో చూడి పశువుందో పక్కన రాసుకున్నాను, రేపటి నుంచి ఒక్కొక్కరికీ ఫోన్ చేయాలి.

ఇందాక పిన్ని ఫోన్ చేసింది. ఆటో మానుకున్నారట. గౌరి రెండు గుప్పిళ్ళ పచ్చగడ్డి తిందట. రేపు పొద్దున్నే స్వాబ్‌లు ల్యాబ్‌లో ఇచ్చి, అటు నుంచి అటే లక్ష్మికి థర్మామీటరు పెట్టడానికి వెళ్ళాలి.