వేగస్‌లో పాత క్యాసినో హోటల్, మా అమ్మ, నేను

గ్రాండ్ కాన్యన్ గురించి ఏమీ రాయను, అందరూ రాసేశారు, ఫోటోలు కూడా అందరికీ అవే వస్తాయి. నేను రాద్దామనుకున్నది వేగస్‌లో మేం దిగిన హోటల్ గురించి. ఎందుకంటే దాన్ని బుక్ చేసేముందు మా ఇంట్లో జరిగినంత చర్చ ఇల్లు కొన్నప్పుడు కూడా జరగలేదు.

మా ఆయనకి స్ట్రిప్ మీదే కావాలి, అంటే పెద్ద పెద్ద క్యాసినో హోటళ్ళన్నీ ఉండే ఆ మెయిన్ రోడ్డు మీద. వేగస్ వెళ్ళి స్ట్రిప్ మీద ఉండకపోతే ఎందుకు అని ఒకటే గొడవ. నేనేమో రేట్లు చూసి డౌన్‌టౌన్ అన్నా, పాత క్యాసినోలుండే ఫ్రీమాంట్ స్ట్రీట్ దగ్గర. వీకెండ్‌కి స్ట్రిప్ మీద రూమ్ రేటు అటుంచండి, దాని పైన రిసార్ట్ ఫీజు అని ఇంకోటి వడ్డిస్తారు కదా, వైఫైకి, జిమ్‌కి, ఎవడూ చెయ్యని లోకల్ ఫోన్ కాల్స్‌కి కలిపి రోజుకి 40, 50 డాలర్లు. 2025 మే నుంచి ఫెడరల్ రూల్ వచ్చింది, అది కూడా కలిపి మొత్తం ముందే చూపించాలని. చూపిస్తున్నారు, తీసుకోవడం మాత్రం మానలేదు, టాక్స్ మళ్ళీ వేరే. పైగా కారు పెడితే పార్కింగ్‌కి డబ్బులు, 2016కి ముందు స్ట్రిప్ మీద ఆ గోల ఉండేది కాదు. డౌన్‌టౌన్‌లోనూ ఫీజులున్నాయి గానీ అన్నీ కలిపినా స్ట్రిప్‌లో సగం కూడా కాలేదు.

సరే ఆయన ఒప్పుకున్నారు గానీ రివ్యూలు చదివి మళ్ళీ మొదలెట్టారు. నిజానికి ఆ రివ్యూలు చదివితే ఎవరికైనా బుర్ర తిరుగుద్ది. ఒకడు కార్పెట్ కంపు, గోడలు పల్చన, జన్మలో రాను అంటాడు. వాడి కిందే ఇంకొకావిడ ఇంత మంచి రూమ్ వేగస్‌లో దొరకదు, ఏటా ఇక్కడికే వస్తాం అంటుంది. ఒకే హోటల్, ఒకే నెల. ఇద్దర్లో ఒకరు అబద్ధం చెప్తున్నారనుకున్నా అప్పుడు. తీరా వెళ్ళాక తెలిసింది, ఇద్దరూ నిజమే చెప్పారు.

ఆయనకి ఇంకో భయం కూడా ఉంది, పాత బిల్డింగ్ కదా ఫైర్ సేఫ్టీ ఎలా ఉంటుందో అని. 1980లో వేగస్‌లోనే అప్పటి ఎమ్‌జీఎమ్ గ్రాండ్ హోటల్లో జరిగిన అగ్నిప్రమాదంలో 80 మందికి పైనే పోయారు, ఆయన ఎక్కడో చదివి గుర్తుపెట్టుకున్నారు. కానీ అది జరిగాకే నెవాడాలో పాత ఎత్తు బిల్డింగుల్లో కూడా స్ప్రింక్లర్లు (మంటలొస్తే పైనుంచి నీళ్ళు చల్లేవి) పెట్టించారు. రూమ్‌లోకి వెళ్ళగానే మా అమ్మ సీలింగ్ వైపు చూసి "ఇదేంటే, గోడకీ పైకప్పుకీ మధ్య చెక్కపెట్టెలాగా కొట్టారు, లోపల పైపు కనపడతా ఉంది" అంది. ఆ స్ప్రింక్లర్ పైపే అది. కట్టినప్పుడు లేని పైపు తర్వాత వేశారు, గోడలో పట్టక బయటనుంచి లాగి పైన డబ్బా కట్టేశారు. ఆయన దాన్ని చూసి కాస్త కుదుటపడ్డారు, అమ్మకి మాత్రం చివరిదాకా నచ్చలేదు.

ఇప్పుడు అసలు విషయం, చెకిన్ కౌంటర్. హోటల్ పేరు రాయను. లైన్ బాగా పెద్దది, అమ్మకి మోకాళ్ళ నొప్పి, కూర్చోడానికి స్లాట్ మెషిన్ ముందు కుర్చీలు తప్ప ఇంకేమీ లేవు (కావాలనే పెట్టరని నా అనుమానం). చివరికి మా వంతు వచ్చింది. కౌంటర్లో ఒక పెద్దావిడ, అరవై దాటి ఉంటుంది, కళ్ళజోడు గొలుసు మెళ్ళో. బుకింగ్ చూసింది, మా అమ్మని చూసింది, చూసి "మీకు వ్యూ కావాలా, నిద్ర కావాలా?" అంది.

నాకు అర్థం కాలేదు. అప్పుడు ఒక మ్యాప్ కాగితం తీసి, పెన్నుతో గీతలు గీసి చూపించింది. ఇదిగో, ఇది మొదట కట్టిన బిల్డింగ్. ఇది తర్వాత కట్టిన టవర్. ఇది ఇంకా తర్వాతది, మధ్యలో మొత్తం బాగుచేశారు. మీరు తీసుకుంది మొదటిది, ఫ్రీమాంట్ వైపు, కింద స్టేజి ఉంది, పాటలు రాత్రి బాగా పొద్దుపోయేదాకా. ఇవ్వాళ ఇంకెక్కడా ఖాళీ లేదు, రేపు పొద్దున పదకొండుకి వచ్చి నన్నడగండి, వెనక టవర్‌లో పై ఫ్లోర్ చూస్తాను, రాత్రికి 20 డాలర్లు ఎక్కువ పడుద్ది. ఇంత చెప్పింది. వెనక లైన్లో వాళ్ళు గొణుక్కుంటున్నా పట్టించుకోలేదు. ఇదంతా బుకింగ్ సైట్లో ఎందుకుండదో, "స్టాండర్డ్ కింగ్" అని ఒక ముక్క రాసి పడేస్తారు, ఏ కాలంలో కట్టిన స్టాండర్డో ఎవడికి తెలుసు.

వేగస్‌లో పాత హోటల్ ఏదైనా దాదాపు ఇంతే. బోర్డు మీద పేరు ఒకటే, వెనక మూడు నాలుగు బిల్డింగులు, ఒక్కోటి ఒక్కో టైమ్‌లో లేపినవి. వ్యాపారం బాగున్నప్పుడు ఒక టవర్ కట్టడం, డబ్బులున్నప్పుడు దాన్నొక్కదాన్నే బాగుచేయడం. డౌన్‌టౌన్‌లోనే ఎల్ కోర్టెజ్ అనే హోటల్ 1941ది, ఇంకా నడుస్తోంది, అక్కడ మొదట కట్టిన రూములకి లిఫ్టే లేదు, మెట్లెక్కాల్సిందే, అది తెలిసి ఇష్టపడి తీసుకునేవాళ్ళున్నారు. మోకాళ్ళ నొప్పితో తెలియక తీసుకుంటే వాళ్ళ రివ్యూ ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు.

మా మొదటి రాత్రి సంగతి. బాత్రూమ్ చిన్నది, లేత ఆకుపచ్చ టైల్స్, అద్దం అంచు దగ్గర నల్లబడింది, కానీ నీళ్ళు! ట్యాప్ తిప్పగానే వేడినీళ్ళు, షవర్ ఫోర్స్ అయితే ఈమధ్య కట్టిన ఏ హోటల్లోనూ చూళ్ళేదు. అమ్మ స్నానం చేసొచ్చి మొదటిసారి నవ్వింది. మంచం పక్కన చిన్న ప్యాకెట్‌లో నారింజ రంగువి రెండు ఉన్నాయి, "ఇవేం బిళ్ళలే, నిద్రకా?" అని అడిగింది. నిద్రకే, ఇయర్‌ప్లగ్స్ అవి. హోటల్ వాళ్ళే పెట్టారు. అంటే వాళ్ళకీ తెలుసన్నమాట!

రాత్రి ఫ్రీమాంట్ మీద డప్పు మొదలైతే మంచం కాళ్ళలోకి వచ్చేది, చెవులకి ప్లగ్ పెట్టుకుంటే చాలదు, వీపుకి కూడా పెట్టాలి. దానికితోడు జిప్‌లైన్, స్లాట్‌జిల్లా అని, జనం వీధి పొడుగునా తాడుకి వేలాడుతూ అరుచుకుంటూ పోతారు. కిటికీ కింద ఏసీ ఒకటి, అది ఆన్ అయితే ఇంకే సౌండూ వినపడదు, ఆఫ్ అయితే అన్నీ వినపడతాయి. పక్క రూముకి మధ్యలో తలుపుంది, దాని కింద సందులోంచి సిగరెట్ వాసన. మాది నాన్‌స్మోకింగ్ రూమే. వాసనకి ఆ సంగతి తెలీదు కదా.

పొగ విషయం సీరియస్‌గా చెప్తున్నా. నెవాడాలో 2006లో ఇండోర్ స్మోకింగ్ మీద చట్టం వచ్చినా క్యాసినో ఫ్లోర్లని వదిలేశారు. పాత హోటళ్ళలో సీలింగ్ తక్కువ ఎత్తు, పొగ అక్కడే తిరుగుతుంది, పైగా రూముకి వెళ్ళాలంటే క్యాసినో మధ్యలోంచే దారి, వేరే దారి లేదు. అమ్మ కాటన్ చీరలు రెండూ ఉతికితే గానీ మళ్ళీ కట్టుకోనంది. ఆస్తమా లాంటిది ఉన్నవాళ్ళయితే రేటు గురించి ఆలోచించకండి, స్ట్రిప్ మీద పార్క్ ఎమ్‌జీఎమ్ హోటల్ 2020 నుంచి మొత్తం స్మోక్‌ఫ్రీ, అక్కడికి పొండి.

మర్నాడు పదకొండు కొట్టకముందే ఆవిడ దగ్గర నిలబడ్డా. మాట నిలబెట్టుకుంది. వెనక టవర్, పై ఫ్లోర్, కిటికీలోంచి కొండలు. రూమ్ రెండింతలుంది, కార్పెట్ కొత్తది, ఖాళీ ఫ్రిజ్ కూడా ఉంది. ఇది చిన్న విషయం కాదండీ, స్ట్రిప్ మీద చాలా చోట్ల ఫ్రిజ్ అంటే సెన్సర్లు పెట్టిన మినీబార్, వాటర్ బాటిల్ కాస్త జరిపితే బిల్లు పడే రకం. ఇక్కడ అమ్మ పెరుగు డబ్బా హాయిగా లోపల పెట్టుకుంది. లిఫ్టులే నరకం, ఒకటి పనిచెయ్యట్లేదు, సాయంత్రం చెకిన్ టైమ్‌లో సూట్‌కేసుల జనంతో కలిసి నిలబడాలి. అయినా ఆ రాత్రి ముగ్గురం మొద్దునిద్ర పోయాం. ఆ ముందు రాత్రికే మేం వెళ్ళిపోయి ఉంటే నేను కూడా వన్ స్టార్ ఇచ్చేదాన్నే.

ఆయనకి నచ్చింది మాత్రం రూమ్ కాదు, కింద క్యాసినోలో పేకాట టేబుల్. పగటిపూట బ్లాక్‌జాక్ 10 డాలర్లకే కూర్చోనిచ్చారు, పైగా 3:2. ఇది ఆడని వాళ్ళకి చెప్తా, పది పెట్టి బ్లాక్‌జాక్ వస్తే (మొదటి రెండు ముక్కలకే 21 అయితే) 3:2 టేబుల్లో పదిహేను ఇస్తారు. స్ట్రిప్ మీద తక్కువ బెట్ టేబుళ్ళు చాలావరకు 6:5, అక్కడ అదే ముక్కలకి పన్నెండే. చూడ్డానికి మూడు డాలర్ల తేడా, గంటలు గంటలు కూర్చునేవాడికి అదే రూమ్ రెంట్. అమ్మ వెనకాల నిలబడి అల్లుడుగారి ముందున్న చిప్స్ కళ్ళతోనే లెక్కపెడుతూ ఉంది, కాస్త తగ్గగానే "ఆకలేస్తోందని చెప్పవే ఆయనకి" అని నా మోచెయ్యి పొడిచింది. ఆవిడకి ఆకలీ లేదు ఏమీ లేదు.

స్ట్రిప్ చూడకుండా ఎలా అని డౌన్‌టౌన్ నుంచి స్ట్రిప్ మీదుగా పోయే డ్యూస్ అనే సిటీ బస్ ఎక్కాం, 24 గంటల పాస్ 8 డాలర్లు, కారు తీసి పార్కింగ్ వెతుక్కునే బదులు అదే నయం, కాకపోతే నత్తనడక. ట్రాపికానా సిగ్నల్ దగ్గర ఆయన కిటికీలోంచి చూసి ఊరుకున్నారు. ఈ దేశం వచ్చిన కొత్తలో ఫ్రెండ్స్‌తో దిగింది అక్కడున్న ట్రాపికానా హోటల్లోనేనట, ఒక రూమ్‌లో ఆరుగురు. 1957లో కట్టింది, 2024 ఏప్రిల్‌లో మూసేశారు, అక్టోబర్‌లో టవర్లు రెండూ పేల్చేశారు. ఇప్పుడక్కడ బేస్‌బాల్ స్టేడియం వస్తోంది, 2028కి. స్టార్‌డస్ట్, రివియెరా అనే పాత హోటళ్ళు కూడా అలాగే పోయాయి. స్ట్రిప్ మీద స్థలం ఖరీదు బిల్డింగ్ కంటే ఎక్కువ, అందుకే పాతదాన్ని ఉంచరు. డౌన్‌టౌన్‌లో ఆ ఒత్తిడి తక్కువ కాబట్టి 1906 నాటి గోల్డెన్ గేట్ హోటల్ కూడా ఇంకా తలుపు తీసే ఉంది.

"అప్పుడు ఆ రూమ్ ఎలా ఉండేది?" అని అడిగా. "దరిద్రంగా ఉండేది" అన్నారు. కాసేపాగి "కానీ స్విమ్మింగ్ పూల్ బాగుండేది" అన్నారు.

ఇంటికొచ్చాక మా తమ్ముడు ఫోన్ చేశాడు. వాళ్ళకి ఇద్దరు చిన్నపిల్లలు. అమ్మ వాడికి షవర్ గురించి, ఫ్రిజ్ గురించి గంటసేపు చెప్పింది, పొగ గురించి చెప్పలేదు. నేను ఫోన్ లాక్కుని "ఒరేయ్, మేం పెద్దవాళ్ళం కాబట్టి సరిపోయింది, పిల్లలతో వద్దు, క్యాసినో మధ్యలోంచి స్ట్రోలర్ తోసుకుంటూ ఎలా వెళ్తావు, పిల్లలు ఆగితే సెక్యూరిటీ వాడొచ్చి నడవమంటాడు" అన్నా. 

"బుక్ చేసేశానక్కా, నాన్ రిఫండబుల్, చాలా చీప్‌గా వచ్చింది."

"ఏ టవర్‌రా?"

"టవరేంటి? స్టాండర్డ్ కింగ్ అని ఉంది."