వార్షికాదాయం అనే గడి

మా అమ్మాయికి ఇంటర్ ఎంపీసీలో వెయ్యికి 981 మార్కులు వచ్చిన కొద్ది రోజులకే, ఉపకారవేతనాల దరఖాస్తులు పెట్టిద్దామని ఇద్దరం కలిసి నల్లగొండలో మా వీధి చివరి నెట్ సెంటర్‌కు వెళ్లాం. అక్కడి కుర్రవాడు పేరు, ఆధార్, హాల్ టికెట్ నంబరు చకచకా కొట్టేసి, వార్షికాదాయం అనే గడి దగ్గర ఆగి "ఎంత వేయమంటారు అంకుల్?" అని అడిగాడు. నెలకు 49,000 చూపుతున్న నా జీతం చీటీ అతని ముందు పెట్టాను. పన్నెండుతో హెచ్చవేసి చూసుకుని, "5,88,000 వేస్తే మీకు ఏదీ రాదు" అన్నాడు. ఆ మాటలో వెటకారం లేదు. రోజుకు పది మందికి చెప్పే మాటే అది.

ఇరవై ఏళ్లుగా లెక్కలు రాసే ఉద్యోగంలో ఉన్నవాణ్ని గనుక, ఆ రాత్రి ఏ పథకానికి ఎంత ఆదాయం దాటకూడదో ఆ గీతలన్నీ ఒక కాగితం మీద వరుసగా వేసుకున్నాను. తెలంగాణలో బీసీ, ఈబీసీ విద్యార్థుల ఫీజు రీయింబర్స్‌మెంటుకు ఆదాయం పల్లెలో లక్షన్నర, పట్టణంలో 2 లక్షలు దాటకూడదు. కేంద్ర ప్రభుత్వం కళాశాల విద్యార్థులకిచ్చే ఉపకారవేతనానికి 4.5 లక్షలు. ఐఐటీ, ఎన్‌ఐటీల ట్యూషన్ ఫీజులో మూడింట రెండొంతులు మాఫీ కావాలంటే 5 లక్షలు. ఆర్థికంగా బలహీనులైన వర్గాల (ఈడబ్ల్యూఎస్) కోటాకు మాత్రం 8 లక్షలు, కానీ అది సీటుకు సంబంధించిన గీతే తప్ప ఫీజుకు సంబంధించినది కాదు. సీటు దగ్గర బలహీనులుగా లెక్కకు వచ్చే ఆదాయమే ఫీజు కట్టే కౌంటరు దగ్గరికి వచ్చేసరికి స్తోమతగా మారిపోతుంది.

వీటిలో కేంద్ర పథకం మీద నాకు చాలా ఆశ ఉండేది. ఇంటర్ ఉత్తీర్ణుల్లో 80వ పర్సంటైల్‌కు పైన ఉన్నవారు, అంటే నూటికి ఎనభై మంది కంటే ఎక్కువ మార్కులు తెచ్చుకున్నవారు, దానికి అర్హులు. 80 శాతం మార్కులని చాలామంది తల్లిదండ్రులు పొరబడతారు, నేనూ మొదట అలాగే పొరబడ్డాను. దేశం మొత్తానికి ఏటా 82,000 కొత్త ఉపకారవేతనాలు, అందులో సగం ఆడపిల్లలకు. బీటెక్ విద్యార్థికి మొదటి మూడేళ్లు ఏడాదికి 12,000, నాలుగో ఏడు 20,000, వెరసి 56,000 వస్తుంది. పేరున్న కళాశాలలో ఒక్క సంవత్సరపు ఫీజే లక్షన్నర దాకా ఉన్న ఈ రోజుల్లో ఇది పుస్తకాలకూ బస్సు పాసుకూ సరిపోయే సొమ్మే అయినా, మాకు అదే పెద్ద ఊరట అయ్యేది. 1,38,000 రూపాయల తేడాతో అదీ చేజారింది.

మా ఎదురింటాయనకు ఊళ్లో పొలం, ఇక్కడ ఎరువుల దుకాణం ఉన్నా ఆయన ఆదాయ ధ్రువపత్రంలో ఉన్నది లక్షా ఎనభై వేలు. ఆయనను తప్పు పట్టను, పంట పోయిన ఏడు ఆ అంకె నిజమే అయి ఉండవచ్చు. జీతగాడి ఆదాయం మాత్రం కంపెనీ రికార్డులోనూ, ఫారం 16లోనూ, బ్యాంకు పాస్‌బుక్‌లోనూ మూడు చోట్ల ఒకే అంకెగా కూర్చుని ఉంటుంది.

ఇంతలో ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయం నుంచి, మీ అమ్మాయి ప్రతిభను గుర్తించి 50 శాతం స్కాలర్‌షిప్ ఇస్తున్నామంటూ బంగారు అంచు ఉన్న ఉత్తరం వచ్చింది. మా ఆవిడ దాన్ని దేవుడి గూట్లో పెట్టింది. మర్నాడు తీసి చదివాను. ట్యూషన్ ఫీజు 4 లక్షలు, సగం పోను 2 లక్షలు. హాస్టల్, మెస్ కలిపి 1,60,000, వీటికి రాయితీ వర్తించదు. అడుగున చిన్న అక్షరాల్లో, ఏ సంవత్సరమైనా జీపీఏ 8.5కు తగ్గితే రాయితీ రద్దవుతుందని ఉంది. ముందు ధర పెంచి తర్వాత తగ్గింపు చెప్పడం బట్టల దుకాణాల్లో ఆషాఢ మాసంలో చూసిందే.

ఎంసెట్ ర్యాంకు (పేరు ఈఏపీసెట్ అయినా మా ఇంట్లో ఇంకా ఎంసెట్టే) 14,000 దాటడంతో హైదరాబాద్‌లో ఒక మోస్తరు కళాశాలలో కన్వీనర్ సీటు వచ్చింది. ప్రధానమంత్రి విద్యాలక్ష్మి పథకంలో 8 లక్షల లోపు ఆదాయం ఉన్నవారికి 10 లక్షల వరకు రుణంపై 3 శాతం వడ్డీ రాయితీ ఉంది గాని, అది ఎంపిక చేసిన విద్యాసంస్థలకే. మా కళాశాల ఆ జాబితాలో లేదు. మామూలు విద్యారుణమే తీసుకున్నాం.

అన్ని జాబితాలూ తిరగేస్తున్నప్పుడు ఆదాయం అడగని పథకం ఒకటి కనిపించింది. అది కేంద్ర శాస్త్ర, సాంకేతిక శాఖ వారి ఇన్‌స్పైర్. బోర్డు పరీక్షలో అగ్రశ్రేణి 1 శాతంలో నిలిచి బీఎస్సీ వంటి మౌలిక విజ్ఞాన కోర్సులో చేరినవారికి ఏడాదికి 80,000. అందులో 60,000 చేతికి, 20,000 వేసవి పరిశోధనకు. అది మా అమ్మాయే కనిపెట్టి, "నాన్నా, ఫిజిక్స్‌తో బీఎస్సీ చదివితే?" అని అడిగింది. దానికి ఫిజిక్స్ అంటే ఇష్టమని నాకు తెలుసు. కాగితం మీంచి తలెత్తకుండానే "బీఎస్సీ చదివి ఏం చేస్తావమ్మా" అన్నాను. మళ్లీ ఆ ఊసెత్తలేదు. రుణపత్రాల మీద సహ రుణగ్రహీతగా నేను సంతకం చేస్తున్నప్పుడు పక్కనే నిలబడి, ఎక్కడెక్కడ సంతకం పెట్టాలో తనే వేలితో చూపించింది.