మాస్టారి ‘ఆఫ్’ పరీక్ష

సంచికకు ఏదైనా రాయమని అడిగినవాళ్లు ఆటల పోటీల గురించో, వార్షికోత్సవం నాటకం గురించో రాస్తానని అనుకుని ఉంటారు. వాటి గురించి రాయడానికి మన బ్యాచ్‌లోనే చాలామంది ఉన్నారు. నాకు మాత్రం తొమ్మిదో తరగతి ఇంగ్లీషు పీరియడు, నల్లబల్ల మీద పక్కపక్కన రాసిన రెండు ముక్కలు బాగా గుర్తు. ఒకటి ‘రీడింగ్ ద లెటర్ కేర్‌ఫుల్లీ’. రెండోది ‘ద కేర్‌ఫుల్ రీడింగ్ ఆఫ్ ద లెటర్’.

రెండింటిలోనూ ఉన్నది అదే రీడింగ్ కదా, మరి ఒకచోట కేర్‌ఫుల్లీ, ఇంకోచోట కేర్‌ఫుల్ ఎందుకు వచ్చాయని మాస్టారు అడిగారు. మొదటిది వర్బు, రెండోది నౌను అని ముందు బెంచీ జవాబు చెప్పింది. “ఎలా తెలిసిందిరా?” “కేర్‌ఫుల్లీ ఉంది కాబట్టి సార్.” “కేర్‌ఫుల్లీ ఎందుకొచ్చింది?” “వర్బు కాబట్టి సార్.” క్లాసు గొల్లుమంది. మాస్టారు నవ్వలేదు. సుద్దముక్కతో రెండో వాక్యంలోని ‘ఆఫ్’ చుట్టూ సున్నా చుట్టి, “చూడాల్సింది ఇక్కడ” అన్నారు.

ఆయన చెప్పింది ఇంతే. మొదటి ముక్కలో లెటర్ నేరుగా రీడింగ్‌కి కర్మ. నౌనుకి అలా కర్మను పట్టుకునే శక్తి లేదు, వర్బుకే ఉంది. కాబట్టి ఆ రీడింగ్‌లో క్రియ ఇంకా బతికే ఉంది, దానికి యాడ్‌వర్బే తోడు. రెండోదానిలో ముందు ‘ద’ వచ్చింది, లెటర్‌ని తగిలించుకోవడానికి మధ్యలో ‘ఆఫ్’ కావలసి వచ్చింది. అంటే అది పూర్తిగా నౌను అయిపోయింది, అడ్జెక్టివ్ పెట్టాలి. వీటిని కలగలిపి ‘ద కేర్‌ఫుల్లీ రీడింగ్ ఆఫ్ ద లెటర్’ అన్నా, ‘కేర్‌ఫుల్ రీడింగ్ ద లెటర్’ అన్నా తప్పే. జెరండ్ (నామంగా పనిచేసే ‘ఇంగ్’ మాట), పార్టిసిపుల్ (విశేషణంలా పనిచేసే ‘ఇంగ్’ మాట) అని పేర్లు పెట్టడం తరువాత, ముందు దాని చుట్టూ ఏమున్నాయో చూడండి అనేవారు. ఆ పేర్లు బట్టీ పట్టి పరీక్షలు గట్టెక్కినవాళ్లకన్నా ‘ఆఫ్’ కోసం వెతకడం అలవాటైనవాళ్లే తరువాత ఇంగ్లీషు బాగా రాశారని నా అనుమానం.

అసలు కర్మే లేకపోతే? ‘కేర్‌ఫుల్ రీడింగ్ సేవ్స్ టైమ్’ అనవచ్చు, ‘రీడింగ్ కేర్‌ఫుల్లీ సేవ్స్ టైమ్’ అనీ అనవచ్చు. మొదటిది ఒక పనికి పేరు, రెండోది ఎవరో ఆ పని చేస్తున్నట్టు వినిపిస్తుంది. ఏది కావాలో రాసేవాడి ఇష్టం. కర్మ లేనప్పుడు రెండు తలుపులూ తెరిచే ఉంటాయి, కర్మ వచ్చి కూర్చుంటే ఒకటి మూసుకుంటుంది అని మాస్టారి మాట.

ఇదంతా మనకు కొత్తేమీ కాదని ఆయన తెలుగులోకి దిగేవారు. ‘చదవడం’ అనే మాటకు విభక్తులు తగులుతాయి: చదవడానికి, చదవడంలో, చదవడం వల్ల. చూడ్డానికి నామవాచకమే. కానీ ‘ఉత్తరాన్ని జాగ్రత్తగా చదవడం’ అంటాం, కర్మనీ వదలం, ‘గా’నీ వదలం. అదే ‘రాక’ను తీసుకోండి. ‘అతను హఠాత్తుగా రావడం’ అంటాం గానీ ‘అతని హఠాత్తుగా రాక’ అనం, ‘అతని ఆకస్మిక రాక’ అంటాం. ‘అతను’ కాస్తా ‘అతని’ అయింది, ‘గా’ పోయి విశేషణం వచ్చింది. ఇంగ్లీషులో ‘హిజ్ సడెన్లీ రెఫ్యూజింగ్ ద ఆఫర్’కీ ‘హిజ్ సడెన్ రెఫ్యూజల్ ఆఫ్ ద ఆఫర్’కీ ఉన్న తేడా కూడా ఇలాంటిదే. అమెరికా భాషావేత్త నోమ్ చామ్‌స్కీ 1970లో అచ్చయిన ఒక వ్యాసంలో ఈ రెండు రకాలనూ విడదీసి, రెండోరకం మాటలు వాక్యాల నుంచి పుట్టినవి కావు, నిఘంటువులో నామాలుగానే ఉంటాయని వాదించాడని కాలేజీకి వెళ్లాక తెలిసింది. ఆయన వాడిన రుజువుల్లో యాడ్‌వర్బూ అడ్జెక్టివూ ఒకటి. చదువుతుంటే నాకు మన క్లాసు నల్లబల్లే కనిపించింది, ఏం చేయను.

ఇక ‘నో’, ‘నాట్’ సంగతి. ఇది నాకు అన్నిటికన్నా ఇష్టమైన పాఠం. గోడల మీద ‘నో స్మోకింగ్’ అని ఉంటుంది, ‘నాట్ స్మోకింగ్’ అని ఎందుకుండదు? ‘నో’ నౌను ముందు నిలబడే మాట. అక్కడి స్మోకింగ్ నౌను, ఆ పనికే ఇక్కడ చోటు లేదని బోర్డు చెబుతోంది. ‘నాట్’ యాడ్‌వర్బు. ‘నాట్ స్మోకింగ్ హ్యాజ్ హెల్ప్‌డ్ హిమ్’ అంటే ఆయన ఆ పని చేయకపోవడం. కర్మను తెచ్చిపెడితే ఇంకా తేటగా తెలుస్తుంది: ‘నాట్ ఆన్సరింగ్ ద క్వశ్చన్’ అంటాం, ‘నో ఆన్సరింగ్ ద క్వశ్చన్’ అని మామూలుగా అనం.

అప్పుడే వెనక బెంచీ నుంచి మనవాడొకడు లేచాడు. (ఎవరో మీకందరికీ తెలుసు, ఇప్పుడు పెద్ద లాయరు.) “మరి ‘దేర్ ఈజ్ నో డినైయింగ్ ఇట్’ అంటారు కదా సార్?” ముందు ‘నో’ ఉంది, వెనక ‘ఇట్’ నేరుగా కర్మగా ఉంది, ‘ఆఫ్’ లేదు. మాస్టారు కాసేపు ఆలోచించి, “అది పాత కాలపు మిగులురా, దాన్నలా ఉండనీ” అన్నారు. తప్పించుకున్నారనే అనుకున్నాం.

తప్పించుకోలేదు. ప్రాచీన ఇంగ్లీషులో క్రియ నుంచి నామం చేసే ప్రత్యయం ‘ఉంగ్’ లేదా ‘ఇంగ్’. పార్టిసిపుల్‌ది వేరే ప్రత్యయం, ‘ఎండె’. మధ్యయుగంలో ఆ రెండూ ఒకే ‘ఇంగ్’ రూపంలోకి వచ్చి పడ్డాయి. మొదట్లో ఒట్టి నామంగా ఉన్నది మెల్లమెల్లగా కర్మనూ యాడ్‌వర్బునూ తీసుకోవడం నేర్చింది. ఆ మార్పు శతాబ్దాలు సాగింది కాబట్టి మధ్యలో ‘ద రీడింగ్ ద లెటర్’ లాంటి సంకర రూపాలు మంచి రచయితలే రాశారు. 1762లో రాబర్ట్ లౌత్ తన వ్యాకరణంలో వాటిని తప్పుపట్టాడు. పెడితే ‘ద’, ‘ఆఫ్’ రెండూ పెట్టు, లేదా రెండూ తీసెయ్ అని ఆయన వాదన. మాస్టారి పరీక్షకు ముత్తాత అదేనన్నమాట. భాష చాలావరకు ఆ దారికే వచ్చింది గానీ ‘నో డినైయింగ్ ఇట్’ మాత్రం రాలేదు.

‘హిజ్ సింగింగ్’ అనాలా, ‘హిమ్ సింగింగ్’ అనాలా అన్న తగాదా దగ్గర ఎక్కువసేపు ఆగను. ఇంగ్లీషు వాడుక మీద పుస్తకాలు రాసిన ఫౌలర్ సోదరులు 1906లో ‘హిమ్ సింగింగ్’ తరహాకు ఫ్యూజ్డ్ పార్టిసిపుల్ అని పేరు పెట్టి వెక్కిరించారు. వారిలో పెద్దాయన తరువాత మళ్లీ విరుచుకుపడితే, డెన్మార్క్ పండితుడు ఒట్టో యెస్పర్సన్ అది ఇంగ్లీషులో ఎప్పటినుంచో ఉన్నదేనని ఉదాహరణలతో జవాబిచ్చాడు. నేను యెస్పర్సన్ పక్షం. మన విషయానికి పనికొచ్చేది ఒక్కటే: ‘హిజ్ లౌడ్ సింగింగ్’ కుదురుతుంది, ‘హిమ్ లౌడ్ సింగింగ్’ కుదరదు. ‘హిమ్’ వచ్చాక ‘హిమ్ సింగింగ్ లౌడ్లీ’ అనాల్సిందే.

పార్టిసిపుల్ అడ్జెక్టివుగా మారినప్పుడు మాస్టారు ‘వెరీ’ని పంపేవారు. ‘వెరీ ఇంట్రెస్టింగ్ స్టోరీ’ బాగుంది, ‘వెరీ సింగింగ్ బర్డ్’ బాగాలేదు. అంటే ఇంట్రెస్టింగ్ పూర్తి అడ్జెక్టివ్ అయింది, సింగింగ్ ఇంకా కాలేదు. ‘హార్డ్ వర్కింగ్’ అంటే కష్టపడేవాడు, ‘హార్డ్లీ వర్కింగ్’ అంటే పనే చేయనివాడు. దీనికి ఉదాహరణగా ఆయన ఎవరి వైపు చూసేవారో రాయను, ఆ మనిషే ఈ సంచికకు ఖర్చు పెడుతున్నాడు.

నేను ఇప్పుడు ఇతరులు రాసిన ఇంగ్లీషు నివేదికలు దిద్ది బతుకుతున్నాను. రోజూ ఎదురయ్యే జబ్బు ‘ద కేర్‌ఫుల్ చెకింగ్ ఆఫ్ ద అకౌంట్స్ వజ్ డన్’. ఎవరు చేశారో కనపడదు. ‘ద’, ‘ఆఫ్’ తీసేసి అడ్జెక్టివ్‌కి ‘లీ’ తగిలిస్తే చెకింగ్‌లో క్రియ లేచి కూర్చుంటుంది, వెంటనే కర్త ఎవరని అడుగుతుంది. రాసినవాళ్లకు ఒక్కోసారి అదే ఇబ్బంది. యాడ్‌వర్బును ఎక్కడ పెట్టారన్నది కూడా చూస్తాను. ‘రీడింగ్ ఎలౌడ్ ఆఫెన్ హెల్ప్స్’ అంటే తరచూ చదవడమా, తరచూ మేలు జరగడమా? రాతలో తేలదు. ‘ఆఫెన్ రీడింగ్’ అని ముందుకు జరిపితే కాస్త ఎబ్బెట్టు, వాక్యమే మార్చుకోవడం మేలు.

మాస్టారు మాకు చెప్పని సంగతి ఒకటుంది, తొమ్మిదో తరగతికి ఎక్కువనుకున్నారేమో. మీటింగ్, బిల్డింగ్, పెయింటింగ్ లాంటివి క్రియను పూర్తిగా మరచిపోయిన నామాలు. బహువచనం కూడా వస్తుంది. అయినా ‘ద మీటింగ్ యెస్టర్‌డే’ అంటాం. నామం వెనక యాడ్‌వర్బు హాయిగా నిలబడింది, ‘ద రోడ్ అహెడ్’లో లాగే. కాలాన్నీ చోటునూ చెప్పే కొన్ని యాడ్‌వర్బులకు నామం వెనక చోటు దొరుకుతుంది, రీతిని చెప్పే ‘లీ’ మాటలకు నామం ముందు చోటు లేదు. ‘మీటింగ్ హిమ్ యెస్టర్‌డే’లోనూ, ‘ద మీటింగ్ యెస్టర్‌డే’లోనూ యెస్టర్‌డే ఒకటే, మీటింగ్‌లు వేరు. అక్కడ యెస్టర్‌డేని చూసి ఏదీ తేల్చలేం, చూడాల్సింది ‘హిమ్’నీ ‘ద’నీ.