ఒక మంచమా, రెండా?

మా నాయనకు తిరుపతిలో, గోవిందరాజస్వామి గుడి దగ్గర 14 గదుల లాడ్జి ఉంది. పదో తరగతి సెలవుల నుంచే కౌంటర్లో కూర్చోవడం నాకు అలవాటు. రిజిస్టర్‌లో పేరు, ఊరు, ఎంతమంది, ఆ పక్క గడిలో 'సంబంధం'. ఆడా మగా కలిసి వస్తే నాయన గుర్తింపు కార్డులు తిప్పి తిప్పి చూసేవాడు. ఇద్దరు మగవాళ్ళొస్తే తలెత్తకుండా 'ఫ్రెండ్స్' అని రాసి తాళం ఇచ్చేసేవాడు. ఆ మాట చాటునే నేనూ మావాడూ ఇన్నేళ్ళుగా ఊళ్ళు తిరుగుతున్నాం.

మావాడు శ్రీసిటీలో ఇంజనీరు. పోయినేడు కంపెనీ పని మీద రెండు నెలలు జర్మనీలో ఉన్నాడు. ఆగస్టు మొదట్లో హాంబర్గ్‌లో ప్రైడ్ ఊరేగింపు, అంటే మాలాంటి జంటల పండగ, ఆ వారమే రమ్మన్నాడు. బ్రహ్మోత్సవాలప్పుడు మేం గదులకు ఏం రేట్లు చెప్తామో తెలిసినవాణ్ణి, వద్దన్నాను. సెప్టెంబర్లో వెళ్ళాను. ఇంట్లో 'ఫ్రెండ్ దగ్గరికి' అన్నాను. అమ్మ ఇద్దరికీ చాలేంత చెనిక్కాయల పొడి కట్టిచ్చింది.

దిగింది సాంక్ట్ గేయోర్గ్ పేటలో. పెద్ద రైల్వే స్టేషన్ నుంచి నడిచిపోవచ్చు. లాంగె రైయె అని ఒక వీధి, అక్కడక్కడా దుకాణాలకి ఇంద్రధనుస్సు జెండాలు. కఫే గ్నోసాలో కేకు తప్పక తినండి. రాత్రి పొద్దుపోయాక స్టేషన్ చుట్టుపక్కల మాత్రం మత్తుమందు వాళ్ళు తిరుగుతుంటారు, కాస్త చూసుకోవాలి.

మా హోటల్ వెడీనా. ఒక్కో భవనానికి ఒక్కో రంగు. అక్కడ బసచేసిన రచయితలు సంతకం పెట్టి వదిలిన పుస్తకాలు అలమరాల్లో ఉన్నాయి. కౌంటర్లో అమ్మాయి అడిగింది: "ఒక పెద్ద మంచమా, రెండు వేరువేరా?" మేం 'ఏసీనా, నాన్ ఏసీనా' అని అడుగుతాం చూడండి, అచ్చం ఆ గొంతుతో. మావాడు నోరు తెరిచేలోపే "రెండు" అనేశాను. వాడు నా వైపు చూడలేదు. తాళం తీసుకుని మెట్లెక్కాడు.

పొద్దున్నే ఒక్కణ్ణే కిందికి వెళ్ళాను. ముందు టిఫిన్ ఎన్నింటికని అడిగాను. తర్వాత తువాలు. తర్వాత ఊరి మ్యాపు. చివరికి గది మార్చమన్నాను. ఎందుకని అడిగితే చెప్దామని నడుంనొప్పి సిద్ధం చేసుకున్నాను. అడగలేదు. ఏదో టైప్ చేసి ఇంకో తాళం ఇచ్చింది.

తీరా చూస్తే జర్మనీలో డబుల్ బెడ్ అంటే ఒకే చట్రంలో రెండు పరుపులు, రెండు దుప్పట్లు! మధ్య సందుకి వాళ్ళకి పేరు కూడా ఉంది, 'బెజూహర్‌రిట్సె', అంటే చుట్టాల సందు అనుకోండి. "ఒకటి అడగడానికి నీకు రాత్రంతా పట్టింది, వీళ్ళేమో మళ్ళీ రెండు చేసిచ్చారు" అని మావాడు పడీ పడీ నవ్వాడు.

నీళ్ళ మీద తిరగాలంటే టూరిస్టు పడవలకి డబ్బు పెట్టొద్దు. లాండుంగ్స్‌బ్రుకెన్ రేవు నుంచి 62 నంబరు ఫెర్రీ ఎక్కండి, సిటీ బస్సు టికెట్టే చెల్లుతుంది. ఎల్బె నది మీద ఆ గాలిలో మావాడు చెప్పుకుంటూ పోయాడు: మగవాళ్ళ మధ్య సంబంధాన్ని నేరమన్న 175వ సెక్షన్ 1994 దాకా ఉండిందట, 1999లో ఈ ఊరు తనంతట తనే ఇలాంటి జంటల పేర్లు నమోదు చేయడం మొదలుపెట్టిందట, వాళ్ళకి పెళ్ళి హక్కిచ్చే చట్టం 2017 అక్టోబర్ 1న అమల్లోకి వచ్చిందట. మన దగ్గర ఇలాంటి సంబంధం నేరం కాదని 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు తీర్పు వచ్చిన రోజు మేం లీలామహల్ సర్కిల్లో టీ తాగుతున్నాం. ఫోన్లో చదివి, ఫోన్ జేబులో పెట్టుకుని, ఇంకో టీ చెప్పాం.

చివరి రాత్రి హాఫెన్‌సిటీలో 25అవర్స్ హోటల్లో. ఓడలో కేబిన్ మాదిరి గది, కలపతో. స్టైలు బాగుంది. కానీ లాడ్జి వాడి కన్ను కదా, బాత్రూంలో బకెట్ లేదు, మగ్గు లేదు. పేరులో 25 గంటలున్నా గది అంతసేపు ఇవ్వరు, మన తిరుపతి 24 గంటల చెకౌట్ విలువ అక్కడ తెలిసింది.

మొన్న నెల్లూరు నుంచి ఇద్దరు కుర్రాళ్ళొచ్చారు. ఒక మంచమా, రెండా అని అడిగాను. మొహమొహాలు చూసుకుని రెండన్నారు. ఇచ్చాను. సంబంధం గడి ఖాళీగా వదిలేశాను. సాయంత్రం లెక్కలు చూస్తూ నాయన పెన్ను తీసి 'ఫ్రెండ్స్' అని నింపాడు.